పైన వాన పడిందా?

మా మేనత్త పోయిందని బాగన్ దాతుక్ నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కౌలాలంపూర్‌లో ఆఫీసుకు బయలుదేరుతున్నాను. కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలబడిపోయిందట. ఏడుపు రాకముందే నా నోట వచ్చిన మాట, "వదినకు తెలిసిందా?"

తెలియలేదు. వదిన అత్తకు ఒక్కగానొక్క కూతురు. ఉత్తరాన థాయ్ సరిహద్దు అడవుల్లో, పెరాక్ నదికి ఎగువన, అడవి జనం ఉండే ఓ పల్లెలో టీచరు. అక్కడికి పడవ తప్ప దారి లేదు. వాన పడితే ఫోను కూడా ఉండదు. ఆ వారమంతా వానే. ఆ పల్లెకు దారితీసే తెమెంగోర్ సరస్సు రేవులో పడవ నడిపే మలాయ్ పెద్దాయనకు నాన్న కబురు చెప్పాడు. "తెరిపి ఇస్తే వెళ్తాను" అన్నాడాయన. అంతకు మించి మా చేతిలో ఏమీ లేదు.

బాగన్ దాతుక్‌లో అత్త ఇల్లు అదే నది సముద్రంలో కలిసేచోట, కొబ్బరితోటల పక్కన. వదినకు ఆ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి అత్త రోజూ పొద్దున్నే ఒడ్డుకు వెళ్లి నీళ్లు చూసేది. అక్కడ నీళ్లెప్పుడూ మట్టిరంగే. మధ్యలో ఇన్ని ఆనకట్టలు ఉండగా ఇక్కడి నీళ్లు చూస్తే పైసంగతి ఎలా తెలుస్తుందని వదిన నవ్వేది. అత్త ఒప్పుకునేది, మర్నాడు మళ్లీ వెళ్లేది. తర్వాత నాకు ఫోను. "పైన వాన పడిందేటే? నీ ఫోన్లో సూడు లా." మలాయ్ వాళ్లలాగే మాట చివర ఓ "లా" తగిలించేది.

ఒక ఏడాది చివరి వానల్లో వదిన నుంచి చాలా రోజులు కబురు లేదు. "కారు తియ్యే, పైకెల్దాం" అంది అత్త. ఉప్పుచేప పొట్లాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వంతెన వచ్చినప్పుడల్లా "ఇదీ మన ఏరేనా?" అని అడిగేది. క్వాలా కాంగ్సార్ దగ్గర నది వెడల్పుగా, నిదానంగా ఉంటే కాస్త తేరుకుంది. గెరిక్ దాటాక దారికి రెండు వైపులా అడవే. సరస్సు కనబడగానే ఒళ్లోని పొట్లాలను దగ్గరకు లాక్కుంది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి చెట్లు నీళ్లలోంచి ఎండిన మోడులై నిలబడి ఉన్నాయి.

"ఎగువన నీళ్లు లేచాయి. ఇవాళ వద్దు, మక్‌చిక్" అన్నాడు పడవాయన, అత్తను మలాయ్‌లో పిన్నీ అని పిలుస్తూ. అత్త కారెక్కలేదు. రేవులో బల్ల మీద కూర్చుని, మోడుల మధ్య నుంచి ఏ పడవ వచ్చినా లేచి నిలబడేది.

మధ్యాహ్నం దాటాక వచ్చిన పడవలో వదిన ఉంది. వాన కోటు చుట్టిన ఓ చిన్నపిల్ల ఆమె ఒళ్లో, పిల్ల తల్లి పక్కన. అత్త తిడుతుందో ఏడుస్తుందో అనుకున్నాను. ఆమె పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఒల్లు కాలిపోతంది. ఏటలా సూస్తన్నావు, ఆస్పత్రికి పోనీ!"

పిల్లకు నెమ్మదించాక తిరిగి వస్తూ అన్నాను, "వదినను బదిలీ చేయించుకోమని చెప్పరాదా అత్తా?"

"బయపడ్డం నా పని, ఎల్లడం దాని పని" అంది. "ఇంకనించి ఆ పిల్ల కోసం కూడా బయపడాల."

అలాగే భయపడింది. ఆ తర్వాత ఏ ఫోనులోనైనా కూతురి క్షేమం అడిగిన వెంటనే ఆ పిల్ల క్షేమమూ అడిగేది. ఇతరుల కోసం బెంగపడటం కూడా ఒక చాకిరేనని, అది ఆమె జీతం లేకుండా చేసిందని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

నేను బాగన్ దాతుక్ చేరేసరికి పెద్దలు తొందరపడుతున్నారు. మబ్బు కమ్ముకొస్తోంది, పొద్దు పోకముందే ఎత్తేద్దామని. "కూతురు రాకుండా మా అప్పని ఎత్తనివ్వను" అని అక్క పక్కనే కూర్చున్నాడు నాన్న. పడవాయన ఫోను మోగి మోగి ఆగిపోతోంది. వదినను తెమ్మని మనిషిని వానలో ఏటి మీదికి పంపాం, ఇప్పుడు ఇద్దరి కోసమూ భయపడాలి.

సాయంత్రం వదిన వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. తల్లి చెవి దగ్గరకు వంగి, "అమ్మా, వొచ్చీసినాను. నీల్లు బానే ఉన్నాయి" అంది. నీళ్లు బాగా లేవు. పడవ రెండుచోట్ల ఒడ్డున పట్టి ఆపుకోవాల్సి వచ్చిందని పడవాయన తర్వాత నాన్నతో చెప్పాడు.

కార్యాలన్నీ అయ్యాక వదినను తెమెంగోర్ రేవు దాకా నేనే దింపాను. బడి తెరిచే రోజు, ఆగమని ఏ మొహంతో అడగను? పడవ మోడుల వెనక్కి తిరిగింది. ఇంజను చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. దూరమై వినబడలేదో, ఇంజనే ఆగిందో తెలియలేదు. కారు తాళం చేతిలో పట్టుకుని, ఆ మోడుల వైపు చెవి పెట్టి నిలబడే ఉన్నాను.