ఊరుకోని చెయ్యి

పల్లంరాజుకు డెబ్బై ఏళ్లు. మనిషి నిమ్మళంగానే ఉంటాడు, కుడిచెయ్యి మాత్రం ఊరుకోదు. నలభై ఏళ్లపాటు చేపపిల్లలను మొదట కుండల్లో పోసి కావడి మీద, తర్వాత డబ్బాల్లో పెట్టి మోటారు సైకిల్ మీద ఊరూరి చెరువులకు చేరవేశాడు. దారి పొడవునా నీళ్లు కదుపుతూనే ఉండాలి. నీళ్లు నిలిచిపోతే పిల్లలు గాలాడక చచ్చిపోతాయి.

ఇప్పుడు భీమవరంలో కూతురు నాగదుర్గతో మేడ మీద అద్దె వాటాలో ఉంటున్నాడు. హాల్లో గాజుతొట్టి, అందులో పదకొండు గోల్డ్‌ఫిష్‌లు. బోరు నీళ్లు ఉప్పన. అందుకని ప్రతి ఆదివారం కింద మున్సిపల్ కుళాయి దగ్గర బకెట్లు నింపి ఇరవై రెండు మెట్లు ఎక్కించాలి. నింపేటప్పుడు కొంత, ఎక్కేటప్పుడు కొంత ఒలకబోసేవాడు. అడిగితే తప్పు బకెట్‌ది, లేదా కుళాయిది. తనది మాత్రం కాదు!

ఒక ఆదివారం కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు సూర్యకళ తల్లి, పాపాయమ్మ, మూడో మెట్టు మీద జారింది. రెయిలింగ్ దొరికింది కాబట్టి బతికిపోయింది.

"అమ్మ నడుం విరిగితే ఎవరండీ చూసేది? వచ్చేవారం ఒక్క మెట్టు తడిసినా తొట్టి తీసేయాలండి," అంది సూర్యకళ.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? పల్లంరాజుకు సిగ్గేసింది. తొట్టి వదులుకోవడానికి మాత్రం మనసొప్పలేదు. నీళ్లు నేను మోస్తానని నాగదుర్గ అంటే ససేమిరా అన్నాడు. మొండిఘటం.

సోమవారమే మూత డబ్బా కొని కుళాయి కింద పట్టాడు. మళ్లీ చుట్టూ మడుగు. మెట్ల మీంచి చూస్తున్న నాగదుర్గ అడిగింది.

"నాన్నా, డబ్బా ఎందుకు ఊపుతున్నావ్? అందులో పిల్లలున్నాయా ఏంటి?"

పల్లంరాజు తన చేతివంక చూసుకున్నాడు. నిజమే, ఊగుతోంది. ఇన్నాళ్లూ పాపం బకెట్‌ని తిట్టాడు.

ఆ వారమంతా అదే పని. డబ్బా చేత్తో పట్టుకోకుండా గచ్చు మీద పెట్టడం, కుళాయికి పైపు తగిలించి దాని కొస డబ్బా అడుగుకు ఆనించడం, మూతికి నాలుగు వేళ్ల కింద ఆపేయడం. నిండేదాకా కుడిచేతిని లుంగీ మడతలో దోపుకునేవాడు. మూత బిగించాక రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఎక్కేవాడు. శనివారానికి గానీ చెయ్యి మాట వినలేదు.

ఆదివారం ఆరు డబ్బాలు మోశాడు. ఆఖరి డబ్బా వెనకాలే పాపాయమ్మ చెప్పులు విప్పి, మెట్టు మెట్టూ తొక్కి చూస్తూ పైకొచ్చింది. అరికాలు ఎత్తి తడుముకుంది. పొడిగానే ఉంది. ఆయాసపడుతూ తొట్టి ముందు కూలబడింది.

"పదకొండు చేపల కోసం ఇంత యాతన ఏంటండీ?"

"లక్షల పిల్లల్ని మోశానండమ్మా. చెరువులో వదిలేసి ఖాళీ డబ్బాతో వచ్చేయడమే. ఒక్కటైనా పెద్దదవడం కళ్లారా చూళ్లేదండి. వీటిని గోరంత ఉన్నప్పుడు తెచ్చాను."

పాపాయమ్మ బెత్తెడు పొడుగైన చేపలకేసి చూసింది. తర్వాత మెట్లవైపు తిరిగి కిందికి వినబడేలా కేకేసింది.

"సూర్యకళా! ఈ తొట్టి జోలికి వెళ్లావంటే ఊరుకోను!"