దండెం మీద బట్టలు చూసి కొన్న ఇల్లు

అత్తను ఆసుపత్రి నుంచి పట్టుకుని నడిపించుకుంటూ ఆమె మెట్లెక్కేసరికి గది తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. పాత తాళానికి చెవి ఆమె చేతిలో ఉంది. సామానంతా మెట్ల మలుపులో కుప్పపోసి ఉంది. గిన్నెలు, పెట్టె, కుర్చీ, బట్టల మూట, చుట్టిన పరుపు. అద్దం లేని కిటికీలోంచి మూడు రోజులుగా కొట్టిన జల్లుకు పరుపు నీళ్ళు పీల్చుకుని లేవదీయలేనంత బరువెక్కింది. సెలైను ఎక్కించిన చేతికి ఇంకా పట్టీ ఉండగానే అత్త వెళ్ళి ఆ బట్టల మూట మీద కూలబడింది.

ఇంటాయన కింద నుంచి వచ్చాడు. మర్యాదస్తుడు. పదకొండేళ్ళలో ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడు. ఆరోజూ పెంచలేదు.

"ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారో రారో అనుకున్నానమ్మా. వేరేవాళ్ళకి మాటిచ్చేశాను."

"వచ్చేశాం బాబూ," అంది అత్త. "పొరపాటైపోయింది."

వేరేవాళ్ళంటే ఎక్కువ అద్దె ఇచ్చేవాళ్ళు. ఆ ముక్క ఆయన అనలేదు, మర్యాదస్తుడు కదా.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా వార్డుల దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, అంచుకు అంచు కలిపి మడతపెట్టి పంపడం ఆమె పని. అక్కడ అందరూ ఆమెను దుప్పట్లమ్మ అంటారు. ఆ మూడు రోజులూ అత్త పడుకున్న దుప్పట్లు కూడా ఆమే ఉతికింది. ఊళ్ళో జనం రక్తం, చీము వదలగొట్టిన చేతులు, ఆ తడిసిన పరుపు గలీబును నాలుగుసార్లు ఉతికినా ముక్కవాసన వదలగొట్టలేకపోయాయి. అప్పుడే నిర్ణయించుకుంది. తాళం మార్చే హక్కు ఇంకెవరికీ లేని ఇల్లు ఒకటి కొనాలని. ఎంత చిన్నదైనా సరే.

మొగుడు పోయి పద్నాలుగేళ్ళు. పిల్లల్లేరు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు వదిలిపెట్టలేదు. దాన్ని ప్రేమ అని ఎవరైనా అంటే అత్త ఒప్పుకునేది కాదు. "అదేం లేదు, ఇద్దరికీ వేరే దిక్కులేదు," అనేది.

అప్పటికి ఆసుపత్రి వెనక ఇంకో అద్దె గదిలో సర్దుకున్నారు. నగరంలో ఇల్లు ఆమె జీతానికి అందదు. బ్యాంకులో కుర్రాడు కాగితాలన్నీ తిరగేసి, యాభై నిండితే అప్పు ఇవ్వరని చెప్పాడు. ఆమెకు ఇంకా పద్దెనిమిది నెలలున్నాయి. మనిషి జీవితమంతా అద్దె కట్టగలడని నమ్మే లోకం, వాయిదా కట్టగలడని మాత్రం యాభై దాటాక నమ్మదు.

అప్పటినుంచి ప్రతి గురువారం, తన సెలవు రోజున, బస్సెక్కి ఏదో ఒక చిన్న ఊరికి పోయేది. బ్రోకర్ల దగ్గరికి వెళ్ళేది కాదు. బస్సు దిగి, వీధులవెంట నడుస్తూ దండేలు చూసేది. మనుషులు పరాయివాళ్ళ ముందు సర్దుకుని మాట్లాడతారు, ఆరేసిన బట్టలకు ఆ తెలివి ఉండదని ఆమె నమ్మకం. తెల్లబట్ట పసుపు తిరిగిందంటే నీళ్ళలో ఇనుముంది. రేకులా బిరుసెక్కిందంటే ఉప్పు నీళ్ళు. మడతల్లో మసి ఉంటే గాలి మంచిది కాదు. పొద్దు వాలకముందే బట్టలన్నీ లోపలికి పోతే ఆ ఊళ్ళో దొంగల భయముంది. ఆడవాళ్ళ బట్టలు దుప్పట్ల చాటున ఆరితే ఇంకో రకం భయముంది.

"ఊళ్ళు చూడటానికి పోతారు జనం," అనేది అత్త. "నా కోడలు ఊళ్ళోవాళ్ళ లంగాలు చూడటానికి పోతుంది."

ఒక ఊళ్ళో రాతి మిల్లు పక్కన తెల్లచొక్కాలన్నీ బూడిదరంగులో ఆరాయి. ఏటి ఒడ్డున ఇంకో ఊళ్ళో కింది అంతస్తుల్లో దండెమన్నదే లేదు. గోడల మీద, ఆమె భుజం ఎత్తున, వరద గీత కొత్త సున్నం కిందనుంచి కూడా కనబడింది. మరోచోట బట్టలు సైతం ఊచల వెనకాల, తాళం లోపలే ఆరుతున్నాయి. అలా పదమూడు నెలలు. కాళ్ళకు వాపులొచ్చాయి. బస్సులో నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోవడం మామూలైపోయింది. లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మిషను దగ్గర పనిచేసే పెద్దాయన, అందరికీ బాబాయి, వెటకారంగా అడిగేవాడు, ఈవారం ఏ ఊరి బట్టలకు మార్కులేశావని. ఆమె వాచిన కాళ్ళను పీట మీదికి చాపుకుని ఇంకో దుప్పటి అందుకునేది.

ఆఖరికి రైలు లైను చిట్టచివర ఒక ఊరు దొరికింది. ఆమె వెళ్ళేసరికి సాయంత్రం. దీపాలు పెట్టే వేళ దాటుతున్నా దండేల మీద బట్టలు అలాగే ఉన్నాయి. రవికలు, పిల్లల గౌన్లు, మంచి మంచి తువ్వాళ్ళు, నట్టవీధిలో, ఎవరి కాపలా లేకుండా. తెల్లబట్టలు తెల్లగా ఉన్నాయి. మసి లేదు. తరవాతి గురువారమూ వెళ్ళింది, అప్పుడూ అంతే. వీధి చివర అమ్మకానికి రెండు గదుల ఇల్లు, ముందు కుళాయి, గుమ్మం పక్కన దండెం కట్టుకోవడానికి రెండు ఇనుప కొక్కేలు. ధర అందింది. అడ్వాన్సు ఇచ్చేసింది.

ఇంటికొచ్చి అత్తకు చెప్పింది. చీకటి పడ్డా బట్టలు తీసేవాళ్ళు లేరని, అంత నమ్మకమైన ఊరని. అత్త అంతా విని అడిగింది.

"మరి వానొస్తే ఎవరు తీస్తారే?"

ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదో అర్థం కాలేదు. లాండ్రీలో బట్టలు డాబా కింద ఆరతాయి. అక్కడ వానతో పనిలేదు.

మరుసటి గురువారం అత్తను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళింది. పదకొండింటికి వాన పట్టుకుంది. ఇద్దరూ కొనబోయే ఇంటి చూరు కింద నిలబడ్డారు. వీధంతా బట్టలు తడుస్తున్నాయి. ఒక్క తలుపు తెరుచుకోలేదు. ఏ కిటికీలోంచీ ఎవరూ అరవలేదు. అప్పుడు చూసింది ఆమె, ప్రతి గుమ్మానికీ తాళం. ఎదురింటి దండెం మీద నీలం దుప్పటి ఒకటి, తను వచ్చిన మూడుసార్లూ అదే మడతలో ఉంది. వెళ్ళి తీయబోతే చేతిలోనే పీలికలైపోయింది. ఎండకు ఎప్పుడో పుచ్చిపోయింది. తన పని తెలిసిన మనిషి దూరం నుంచే పోల్చుకోవాల్సిన గుడ్డ అది.

వీధి మొదట్లో కిరాణా కొట్టాయన చెప్పాడు. ఊరంతా తెల్లారగట్ల ఐదున్నర రైలుకు నగరానికి పోతుంది, రాత్రి ఎనిమిదింటి తరవాత వస్తుంది. నీలం దుప్పటి వాళ్ళు వాయిదాలు కట్టలేక కిందటి చలికాలమే వెళ్ళిపోయారు.

"దొంగలు?" అని అడిగింది అత్త.

"ఉన్నారేమో పెద్దమ్మా. వాళ్ళూ పనికోసం ఆ రైలుకే పోవాలి."

అత్త నవ్వింది. ఆమె నవ్వలేకపోయింది. అత్త మళ్ళీ పడిపోతే, తను లాండ్రీలో ఉంటే, ఈ వీధిలో ఎవరు చూస్తారు? ఏమీ పోని ఊరు కోసం వెతికింది. అందులో ఉండేవాళ్ళెవరో చూడటం మరిచిపోయింది. అడ్వాన్సు తిరిగిరాదు. యాభై నిండటానికి ఇంకా ఐదు నెలలే ఉన్నాయి. ఇంకో ఊరికి నడిచే కాళ్ళు ఆమెకు లేవు. తిరిగొచ్చి ఆ ఇంటి చూరు కింద తడి గచ్చు మీద అలాగే కూర్చుండిపోయింది.

తలెత్తి చూస్తే అత్త వానలో ఉంది. పక్కింటి దండెం మీది బట్టలు లాగి భుజాన వేసుకుంటోంది.

"ఎవరివో, ఏమిటో! ఊరుకో అత్తయ్యా."

"కళ్ళముందు తడుస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? నువ్వు కూర్చో. నువ్వు చదువుకున్నదానివి, బట్టల్ని చూసి ఊరు చెబుతావు."

ఆమె కూడా లేచింది. ఇద్దరూ కలిసి ఏడు ఇళ్ళ బట్టలు తీసి, పిండి, ఆసుపత్రి మడత పెట్టి, మూసిన గుమ్మాల ముందు చూరు కింద పేర్చారు. ఎవరివి ఎవరి గుమ్మం ముందు పెట్టారో తెలియదు. కొన్ని తప్పకుండా తారుమారై ఉంటాయి.

ఇల్లు కొనేసింది. ఊరు నచ్చి కాదు, ఇక తిరగలేక.

బాబాయి ఆపైన రిటైరయ్యాడు. పింఛను కాగితాల కోసం వచ్చినప్పుడు లాండ్రీ గేటు దగ్గర ఆమెను చూశాడు. మనిషి చిక్కిపోయింది. నాలుగింటికి లేస్తున్నానని, రైల్లో నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నానని చెప్పింది. వీధిలోవాళ్ళు ఇప్పుడు రైలుకు పోతూ పోతూ, మబ్బు పట్టినట్టుంది పెద్దమ్మా అని అత్తకు ఒక కేక వేసి పోతారట. అత్త రోజంతా వాళ్ళను తిట్టుకుంటూ ఆకాశం చూస్తూ కూర్చుంటుందట. ఈసారి బాబాయి వెటకారం చేయలేదు. ఆ ఊళ్ళో భయం లేదు కదా అని మాత్రం అడిగాడు.

ఆమె సంచిలోంచి తాళంచెవి తీసి చూపించింది. మళ్ళీ లోపల పెట్టుకుంది.

"తాళం ఎవరూ మార్చరు బాబాయ్. వానొస్తే బట్టలు అత్త తీస్తుంది. అత్త తరవాత ఎవరు తీస్తారన్నదే ఇంకా చూడాలి."