బర్రె ముట్టని నీళ్లు

నీళ్ల ట్యాంకరు రోజూ తన గుడిసె ముందునుంచే దుమ్ము లేపుకుంటూ పోతున్నా, మొగులమ్మ ఏనాడూ చెయ్యి అడ్డం పెట్టలేదు. అవి పక్క ఊరి నీళ్లట. లక్డారం ఊరి దాపున ఆమె ఉంటున్న నడిమిగూడెం ఏ ఊరి లెక్కలోనూ లేదు. ఆమె మామ కాలంలో బండలు కొట్టడానికి వచ్చినవాళ్లు రెండు ఊళ్ల పొలిమేర మీద గుడిసెలు వేసుకున్నారు. ఓట్లప్పుడు రెండు ఊళ్లూ మావాళ్లే అంటాయి. నీళ్లడిగితే అటు పొమ్మని ఒకరు, ఇటు పొమ్మని ఇంకొకరు.

ఫ్యాక్టరీలు వచ్చాక వాగు రంగు మారింది. తర్వాత బావిలో మందు వాసన మొదలైంది. అప్పటినుంచి గూడెంలో ఒక కట్టుబాటు: పొద్దున తోడిన మొదటి బొక్కెన మొగులమ్మ బర్రెకు. అది తాగితేనే మనుషులు తాగాలి. దూపగొన్న పశువు, రోజూ తాగేది. అదే ధైర్యంగా అందరూ బిందెలు నింపుకునేవారు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున బర్రె బొక్కెనలో మూతి పెట్టి, బుస్సుమని వెనక్కి జరిగింది. మొగులమ్మ బొక్కెన అక్కడే వదిలేసింది. గుడిసెలోకి పరుగెత్తింది. నెలలు నిండుతున్న కోడలు ముత్యమ్మ చేతిలో ఖాళీ చెంబు.

"తాగినవానే?"

"దూపైంది అత్తా. నిన్న పొద్దుమీకి చేదిన నీళ్లే. ఏమైంది?"

"ఇయ్యాల బర్రె ముట్టలే. నీళ్లు ఎప్పుడు చెడ్డయో ఏమో."

ముత్యమ్మ రెండు చేతులూ పొట్టకు అదుముకుంది. నిరుడు కడుపు పోయిన సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

అంతలో ట్యాంకరు హారన్ వినిపించింది. మొగులమ్మ బర్రెను లాక్కెళ్లి రోడ్డుకు అడ్డంగా నిలబెట్టింది. డ్రైవర్ యాదన్న తల బయటపెట్టాడు.

"ఏంది అత్తా, బర్రెను అంగడికి తోలుకపోతున్నవా? జరుగు జల్దీ!"

"రెండు బిందెలు పొయ్యి బిడ్డా. కోడలు కడుపుతోనున్నది."

"మీ గూడెం పేరు కాయితంల లేదు. నా నౌకరి పోతది."

"కాయితంల లేకుంటే మాకు పేగులు లేవా? నా బర్రెకు చదువు రాదు, అది జరగదు. నా మీదికెల్లి తోలుకో!"

యాదన్న కాసేపు హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగి పైపు విప్పాడు. "ఇయ్యాల్టికే, చెప్తున్న."

ఆ నీళ్లు తాగించి, కోడలి పొట్టమీద చెయ్యివేసి కూర్చుంది మొగులమ్మ. మధ్యాహ్నం దాటాక చేతికింద బిడ్డ ఒకసారి కదిలింది. సంతోషపడే ధైర్యం కూడా లేక, ఆమె చెయ్యి తియ్యలేదు.

రేపటి నీళ్లెక్కడివి? ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, రెండు ఊళ్లలో దేనిదైనా సరే, ఈసారి జరిగే గ్రామసభకు రండి. ట్యాంకరు నడిమిగూడెంలో ఎప్పటినుంచి ఆగుతుందో అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి. ముత్యమ్మ కాన్పుకు ఇంకెన్నో రోజులు లేవు.