పగటి పూట ఎవరూ లేని చోటు

మొన్న ఉదయం నడక ముగించుకుని మా నల్లగండ్ల అపార్ట్‌మెంటు కింద బెంచీ మీద కూర్చుని ఫోనులో వార్తలు చూస్తుంటే, పాలస్తీనాలో గొర్రెలు కాసుకుని బతికే ఒక పల్లె కనిపించింది. రాళ్ళ గుట్ట, నాలుగు రేకుల పాకలు, ఇనుప జాలీ కట్టిన దొడ్డి, దాని ముందు తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ముసలావిడ. ఆమె పక్కన కోట్లు తొడుక్కున్న నలుగురైదుగురు ఉన్నారు. వేరువేరు దేశాల రాయబార కార్యాలయాల వాళ్ళట, ఈ జనాన్ని ఇక్కడి నుంచి బలవంతంగా వెళ్ళగొట్టడానికి వీల్లేదని చెప్పడానికి వచ్చి నిలబడ్డారు. మా పక్క ఫ్లాటు వదినగారిది భీమవరం వైపు, మనసు మంచిదే, నా భుజం మీదుగా తొంగి చూసి, "ఆ కోట్లవాళ్ళు వచ్చి ఓ పూట నిలబడి ఫొటో దిగి పోతే వాళ్ళకి ఒరిగేదేముందండీ?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు నేనూ అదే మాట అనుకున్నదాన్నే కనుక ఇంకాస్త ఎక్కువే మండింది. ఒరిగేదేమిటో నాకు తెలుసు, ఈ బెంచీకి నాలుగైదు మైళ్ళ దూరంలోనే కళ్ళారా చూశాను.

మేం కురుమలం. ఖాజాగూడ చెరువు దాటి గుట్టల్లోకి పోతే, రెండు పెద్ద రాతి గుండ్లు ఒకదానికొకటి దగ్గరగా నిలబడ్డ చోట మా దొడ్డి ఉండేది. మా తాతముత్తాతలు చేసిందల్లా ఆ రెండు గుండ్ల నడుమ సందును తుమ్మకంపతో మూసి, పక్కన గుడిసెలు వేసుకోవడం. తెల్లారగానే నాన్న, చిన్నాన్న మందను తోలుకుని పుప్పాలగూడ వైపు పోయేవాళ్ళు, అమ్మ, చిన్నమ్మ కూలికి, పిల్లలం బడికి. పొద్దు గుంకే వేళకు గొర్రెలూ మనుషులూ ఒకేసారి ఇల్లు చేరేవాళ్ళం. పగలంతా గంపల కింద ఉండి ఆకలితో అరిచే గొర్రెపిల్లలను నాయనమ్మ అప్పుడు వదిలేది. అన్ని కాళ్ళ మధ్య దూరి ఏ పిల్ల తన తల్లిని అది వెతుక్కునేది, ఎప్పుడైనా ఒకటి దారి తప్పి దిక్కులు చూస్తుంటే నాయనమ్మ దాని గొంతు విని, ఇది ఫలానా బొల్లి గొర్రె పిల్ల అని చెప్పి తీసుకుపోయి తల్లి దగ్గర విడిచేది. నా బట్టలకు గొర్రెల వాసన వస్తుందని బడిలో ఆడపిల్లలు దూరం జరిగి కూర్చున్న రోజున ఏడుస్తూ ఇంటికొచ్చాను. కుంకుడుకాయలు కొట్టి తలంటుతుందనుకుంటే నాయనమ్మ నన్ను మంద మధ్యలో కూర్చోబెట్టి, "ఇది మన వాసన బిడ్డా, అలవాటు కావాల్సింది వాళ్ళకు" అంది. ఆవిడ పొగరులో సగమైనా నాకు వచ్చిందనే నా నమ్మకం.

నేను చదువుకుని, తెలుగు టీచరునై, పెళ్ళి చేసుకుని శేరిలింగంపల్లికి కాపురానికొచ్చిన కొన్నేళ్ళకు, మా గుట్టల వైపు కొలతల గొలుసులూ ఎర్రరంగు పూసిన రాళ్ళూ రావడం మొదలైంది. పెద్ద పెద్ద ఆఫీసులు వస్తాయన్నారు, సంతోషించాం కూడా, అబద్ధమెందుకు. ఒక ఆదివారం పుట్టింటికి వెళ్ళేసరికి గుండుకు ఒక కాగితం అంటించి ఉంది. చదవగలిగేది నేనే కనుక అందరూ నా చుట్టూ చేరారు. స్థలమును తనిఖీ చేయగా అచ్చట ఎవరూ నివసించుట లేదని తేలినదనీ, కావున పాత కంప, గుడిసెలు పదిహేను రోజుల్లో తొలగింపబడుననీ దాని సారాంశం. తనిఖీకి వచ్చినవాళ్ళు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ఆ వేళకు మంద మేతకు, మగవాళ్ళు మంద వెంట, ఆడవాళ్ళు పనికి, నాయనమ్మ నీళ్ళకు. మధ్యాహ్నం పూట ఇంటి పట్టున ఉండేవాడు గొర్రెలు ఎలా కాస్తాడో ఆ కాగితం రాసిన పెద్దమనిషికి తోచలేదు. గంపల కింద పిల్లల అరుపులు వినబడలేదో, వినబడినా అరుపుకు కాగితంలో చోటు లేదో. నాయనమ్మ అంతా విని, "ఎవ్వలు లేరంటె మరి నేనెవ్వల్ని, దయ్యాన్నా?" అంది.

అర్జీ రాసుకుని ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మీ పేరు మీద కాగితం ఏమైనా ఉందా అమ్మా అని మర్యాదగానే అడిగారు. గొర్రెలు నడిచిన దారికి కాగితం రాసిచ్చేదెవరు? మా నాన్న మెత్తని మనిషి, రెండో వారం వచ్చేసరికి చేతులెత్తేశాడు. మందను కోతకు అమ్మేసి, అక్కడ కట్టబోయే ఆఫీసులోనే వాచ్‌మన్‌గా చేరతానన్నాడు. గొర్రెలు ఈనే రోజులవి, సగానికి సగం కడుపుతో ఉన్నాయి. కదిలితే ఎక్కడికి పోవాలో తెలియదు, కదలకపోతే సోమవారం యంత్రం వచ్చి కంప పీకేస్తుంది. నాయనమ్మ నాన్నతో మాట్లాడడం మానేసింది. నేను మాత్రం ఇంక చేసేదేముంది, మనబోటివాళ్ళ మాట ఎవరు వింటారు అనుకున్నాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

గడువుకు ముందురోజు ఆదివారం. చివరిసారిగా మందను తోలుకుపోతున్నట్టే నాన్న మొహం వేలాడేసుకుని పోయాడు, నేనూ నాయనమ్మా మిగిలాం. మధ్యాహ్నం మూడు కార్లు వచ్చాయి. స్థలం చూపించడానికి ఒక అధికారి, చూసుకోవడానికి ఏదో దేశపు కంపెనీవాళ్ళు, వాళ్ళతో పాటు ఆ దేశపు రాయబార కార్యాలయం నుంచి వచ్చిన ఒక నడివయసు ఆవిడ. నాయనమ్మ దొడ్డి ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంది. "అవ్వా, జర లేచి అవతలికి పో, పెద్దోళ్ళు వచ్చిండ్రు" అన్నాడు అధికారి. "నేను గూడ పెద్దదాన్నే, నువ్వే జరుగు" అంది. ఆ విదేశీయురాలు చేతిలోని కాగితం చూసి, మమ్మల్ని చూసి, ఇక్కడ ఎవరూ లేరని రాశారే, మరి వీళ్ళెవరని అడిగింది. ఈ పూట మేతకు ఇటొచ్చినవాళ్ళని అధికారి తడుముకోకుండా చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది, మాట్లాడమంటేనే నాలుక మడత పడుతుంది. అయినా ఆ అబద్ధం విన్నాక ఊరుకోలేక నోరు తెరిచాను.

"మేడమ్, డే టైమ్ నో పీపుల్. ఈవెనింగ్ ఫుల్ పీపుల్. యూ సిట్. యూ సీ."

మా బడి పిల్లలు వింటే నన్ను ఏడాదంతా ఆటపట్టించేవాళ్ళు. ఆవిడ నవ్వలేదు. కంపెనీవాళ్ళను భోజనానికి పంపించేసి, నిజంగానే నాయనమ్మ పక్కన కూర్చుంది. అధికారి కారు నీడలో నిలబడి గడియారం చూసుకోవడం, వచ్చి వెళ్దామనడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం, అలా సాయంత్రం దాకా నడిచింది. నాయనమ్మ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. ఆ కారానికి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే తింది. ఈవిడ తెలుగులో, ఆవిడ తన భాషలో ఏవేవో చెప్పుకున్నారు, మధ్యలో నా ఇంగ్లీషు అవసరం ఎవరికీ పడలేదు.

పొద్దు గుంకుతుండగా గుట్ట మలుపులో దుమ్ము లేచింది. ముందు మంద, వెనక నాన్న, చిన్నాన్న, ఇంకో దారిన నెత్తిన గడ్డిమోపులతో అమ్మ, చిన్నమ్మ, చెరువు వైపు నుంచి చిన్నాన్న పిల్లలు. నాయనమ్మ గంపలు ఎత్తింది. తల్లుల అరుపులూ పిల్లల అరుపులూ కలిసి ఎవరి మాట ఎవరికీ వినబడని ఆ గోలలో ఆ విదేశీయురాలు లేచి నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత మమ్మల్ని వరసగా పిలిచి, నా చేత పేర్లు చెప్పించుకుని పుస్తకంలో రాసుకుంది. నాయనమ్మ వంతు వచ్చేసరికి, "మంచిగ రాయమను, మల్ల లేనని అనొద్దు" అంది. అధికారి కారెక్కి కూర్చున్నాడు.

ఆ తర్వాత పైన ఏం జరిగిందో నాకు పూర్తిగా తెలియదు. మనుషులున్న చోటును ఖాళీ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టేది లేదని ఆ కంపెనీవాళ్ళు అన్నారనీ, రాయబార కార్యాలయం నుంచి ఉత్తరం మీద ఉత్తరం వచ్చిందనీ విన్నాను. సోమవారం యంత్రం రాలేదు. నెల తర్వాత మళ్ళీ తనిఖీకి వచ్చారు, ఈసారి సాయంత్రం. ఆ ఆఫీసు రోడ్డుకు అవతల కట్టుకున్నారు. ఆ రోజు కూర్చున్నావిడ దేవతేమీ కాదు, తన దేశంవాళ్ళ పని మీద వచ్చిన మనిషి, కాకపోతే చూసినదాన్ని చూడలేదని అనలేదు, అంతే. నాయనమ్మ ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. ఆ తొమ్మిదేళ్ళూ మంద పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చింది, ఆవిడ పోయిన రోజు కూడా వచ్చింది.

ఆ తర్వాత నాలుగు పక్కలా గోడలు లేచాయి, చెరువుకు దారి మూసుకుపోయింది, నాన్న మందను అమ్మేశాడు. మీరే ఇష్టపడి అమ్ముకున్నారు కదా అంటారు కొందరు. మేతా నీళ్ళూ లేకుండా చేశాక మిగిలేదాన్ని ఇష్టం అంటారా? ఇప్పుడు ఆ గుండ్లలో ఒకటి పగిలి కంకరైపోయింది, రెండోది ఒక ఆఫీసు ముందు పచ్చగడ్డి నడుమ అలంకారానికి నిలబడింది. సాయంత్రం ఆ దారిన బస్సుల్లో, కార్లలో వేలమంది ఇళ్ళకు పోతుంటారు. వాళ్ళలో నేను చదువు చెప్పిన పిల్లలూ ఉన్నారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ చివరికి ఓడిపోయారుగా అనేవాళ్ళంటే మాత్రం ఉంది. తొమ్మిదేళ్ళ పాటు ఒక ముసలావిడ తన ఇంట్లో తాను నిద్ర లేచింది, అది చిన్న సంగతి కాదు.

ఇదంతా ఆ బెంచీ మీదే వదినగారికి చెప్పాను. రిటైరైన టీచర్లం కొందరం కలిసి మన విదేశాంగ శాఖకు ఉత్తరం రాస్తున్నాం, ఆ కాపరులను కదిలించవద్దని మన దేశం కూడా గట్టిగా అడగాలని, మన రాయబారులు కూడా వెళ్ళి ఆ దొడ్ల ముందు నిలబడాలని. చదువుకున్నవాళ్ళు కదా, మావాళ్ళు చట్టాలూ తీర్మానాలూ ఉదహరిస్తూ చక్కగా రాశారు. వదినగారు కళ్ళజోడు తెచ్చుకుని అంతా చదివి, "నా సంతకం కూడా పెట్టొచ్చాండీ?" అని అడిగి పెట్టారు. ఆ సంతకాలన్నిటికీ పైన నేనొక వాక్యం నా చేత్తో చేర్చాను. అయ్యా, మీరు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం చూసి తిరిగి రాకండి, మంద ఇల్లు చేరేదాకా కూర్చోండి.