సిలోను నుంచి వచ్చిన కార్డు

నా చిన్నప్పుడు మా ఇంటి పెరట్లో రెండు సరుగుడు వాసాలు నిలబెట్టి, వాటి మధ్య రాగి తీగ కట్టి ఉండేది. దాని మీద బట్టలు ఆరేయొద్దని మా నాయన మా అమ్మకు చెప్పని రోజు లేదు. యుద్ధం రోజుల్లో సైన్యంలో వైర్‌లెస్ పని చేసి తిరిగొచ్చిన మా నాయన, ఆత్మకూరులో లారీల షెడ్డులో బ్యాటరీలు, లైట్లు బాగుచేసేవాడు. మద్రాసుకు పోయి పరీక్ష రాసి, సొంతంగా రేడియో స్టేషను పెట్టుకోవడానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. అట్లాంటి లైసెన్సు ఉన్నవాళ్లు ఎంత దూరంలో ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. మాట్లాడటమంటే నోటితో కాదు. ఇత్తడి మీట నొక్కితే కూతలు పోతాయి. పొట్టి కూత, పొడుగు కూత కలిస్తే ఒక అక్షరం. అక్షరాలు కలిస్తే ఇంగ్లీషు మాట.

మొదట్లో ఆ స్టేషను వసారాలో ఒక పాత చెక్కపెట్టె మీద ఉండేది. మా ఊరికి ఇంకా కరెంటు రాలేదు. షెడ్డు నుంచి తెచ్చిన లారీ బ్యాటరీలతో గాజు బుడ్డి లాంటి వాల్వు ఒకే ఒక్కటి వెలిగేది. మొదటిసారి మీట నొక్కిన రోజు, ఉదయగిరిలో ఉన్న మా చిన్నాయన తన రేడియో దగ్గర చెవి పెట్టుకుని కూర్చున్నాడు. మూడో రోజు ఆయన రాసిన ఉత్తరం వచ్చింది, వినపడిందని. ఆ ఉత్తరాన్ని నాయన పటం కట్టించినాడు. మరుసటి ఏడు మద్రాసు పాత సామాన్ల బజారు నుంచి ఇంకో రెండు వాల్వులు, మంచి రిసీవరు వచ్చినాయి. వాసాలు ఇంకా పొడుగువి వేసినాము. నిచ్చెన కదలకుండా పట్టుకుంది నేనే. తీగ చుట్ట విప్పి అందించింది నేనే. బళ్లో అందరికీ 'మా స్టేషను' అని చెప్పుకునేదాన్ని.

నాయన నాకు ఆ కూతలు నేర్పాలని చూసినాడు. పొద్దున్నే వసారాలో కూర్చోబెట్టి, ఒక్కో అక్షరం గట్టిగా చెప్పి, నేర్పడానికని మీటకు తగిలించిన చిన్న బజరు మీద దాని కూత వినిపించేవాడు. నాకు తొమ్మిదేళ్లు. పది అక్షరాలు దాటకముందే ఏదో ఒక సాకు చెప్పి వీధిలోకి పరుగెత్తేదాన్ని.

మా గోడ అవతల శెట్టిగారి ఇల్లు. బజారులో వాళ్లది పెద్ద కిరాణా అంగడి. వాళ్లమ్మాయిని నేను అక్క అనేదాన్ని. థర్డ్ ఫారంతో, అంటే ఎనిమిదో తరగతితో, బడి మాన్పించేసినారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లుంటాయి. ఒకరోజు నాయన ఒంటరిగా ఆ బజరు మీట నొక్కుతూ ఉంటే, గోడ అవతల కందులు చెరుగుతూ ఎవరో మెల్లగా అక్షరాలు చదువుతున్నారు. నాయన ఆగినాడు. ఆ గొంతు కూడా ఆగింది.

"ఎవరమ్మా అది?" అన్నాడు.

"నేనే మామా. నువ్వు పాపకు చెప్తా ఉంటే విని నేర్చుకున్నా. తప్పయితే చెప్పు."

ఒక్కటి కూడా తప్పు లేదు. నేను పారిపోయిన పాఠాలన్నీ ఆమె గోడ అవతల కూర్చుని నేర్చేసుకుంది.

ఆ సాయంత్రమే నాయన పోయి శెట్టిగారితో మాట్లాడి వచ్చినాడు. మరునాటి నుంచి రోజూ పనయ్యాక ఆమె మా వసారాకు వచ్చేది. నా కుర్చీ వాకిలి దగ్గరికి జరిగింది. "మీట నొక్కే చెయ్యి అంటే ఇట్లుండాల, గడియారం మాదిరి" అని మా అమ్మకు చెప్పేవాడు నాయన, ఆమె ముందే, నా ముందే. షెడ్డులో ఇత్తడి ముక్క సానబట్టి ఆమె కోసం ప్రత్యేకంగా ఒక మీట చేసుకొచ్చినాడు. నా కోసం ఎప్పుడైనా ఏమైనా చేసినాడా అని ఆ రాత్రి అన్నం తినకుండా లెక్కలు వేసుకున్నాను. చేసినవి చాలానే ఉన్నాయి. అవేవీ నా కంటికి ఆనలేదు.

అసూయ అనే మాట అప్పటికి నాకు తెలియదు. ఆమె జడ నచ్చేది కాదు, నవ్వు నచ్చేది కాదు. ఆమె వస్తూ నా కోసం తెచ్చే బెల్లం అచ్చు కూడా తీసుకుని పిల్లికి వేసేదాన్ని. పిల్లి తినేది కాదు. కచ్చ కొద్దీ నేను కూడా బళ్లో పలక మీద చుక్కలు, గీతలు రాసుకుంటూ అక్షరాలన్నీ నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఆమె తర్వాత నేర్చుకున్నట్టు అవుతుంది కదా.

ఆమెను మద్రాసు తీసుకుపోయి పరీక్ష రాయించినారు. లైసెన్సు వచ్చింది. ఆ తర్వాత మొదటి ఆదివారం పొద్దున ఆమె సిలోనులో ఎవరో పెద్దాయనతో మాట్లాడింది. ఆ మాట్లాడిన గుర్తుకు ఆయన కార్డు పంపిస్తానన్నాడు. వాళ్లలో అదొక మర్యాద. నాయనకు వచ్చిన కార్డులు గోడ నిండా ఉండేవి.

మా స్టేషను చిరునామాకు ఆ కార్డు వచ్చిన రోజు పోస్టాయనకు ఎదురుపడింది నేనే. కొబ్బరి చెట్ల బొమ్మ. వెనక రెండు వరుసల ఇంగ్లీషు. అమ్మాయి చెయ్యి చాలా చక్కగా ఉందని రాసినాడు, అంతవరకు నాకు అర్థమైంది. నా లెక్కల పుస్తకం అట్ట విప్పి, లోపల పెట్టి, మళ్లీ అట్ట వేసేసినాను.

"నాకేమన్నా వచ్చిందా పాపా?" అని ఆమె రోజూ గోడ మీదుగా అడిగేది.

"రాలేదు" అనేదాన్ని. మొదటి నాలుగు రోజులు ఆ మాట నోట్లో తియ్యగా ఉండేది.

రెండు వారాలు గడిచినాక ఆమె అడగడం మానేసింది. ఒకరోజు మా అమ్మతో అంటూ ఉంటే విన్నాను. "నా చెయ్యి ఆయనకు అర్థం అయ్యుండదులే అత్తా. మామ నన్ను ఊరికే పొగడతా ఉండాడు." సాయంత్రాలు రావడం కూడా తగ్గించింది. నాకు కావలసింది అదే. నా కుర్చీ మళ్లీ లోపలికి వచ్చింది. అందులో కూర్చుంటే మాత్రం ఏదో గుచ్చుకున్నట్టు ఉండేది.

ఆ నెలలోనే నాయన స్టేషనుకు స్పీకరు తగిలించినాడు. అంతవరకు హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నవాళ్లకే వినపడే దూరపు కూతలు, ఇప్పుడు వసారా అంతా వినపడేవి. అది చూడమని ఆదివారం పొద్దున అక్కను బలవంతంగా పిలుచుకొచ్చినాడు. ఆమెను మీట దగ్గర కూర్చోబెట్టి, తను రిసీవరు తిప్పుతూ అటు తిరిగి ఉన్నాడు. నేను ఆమె పక్కన నిలబడి ఉన్నాను. దొరికింది ఆ సిలోను పెద్దాయనే.

కూతలు మెల్లగా వచ్చినాయి. ఆమెకంటే వెనకగానే అయినా, ఒక్కో అక్షరం నాకూ అందింది. నేను పంపిన కార్డు చేరిందా, అని అడుగుతున్నాడు.

అక్క చెయ్యి మీట మీద ఆగిపోయింది. ఆయన కార్డు పంపించినాడని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె ముఖం ఒక్కసారి వెలిగి, మళ్లీ వాడింది. ఇప్పుడు రాలేదని చెబితే ఆయన ఇంకొకటి పంపిస్తాడు. నాయన పోస్టాఫీసులో అడుగుతాడు. పోస్టాయన నా పేరు చెబుతాడు. ముందు నాకు తట్టింది ఆ భయమే. కానీ వాడిన ఆ ముఖం చూసినాక ఆ భయం వెనక్కి పోయింది.

ఆమె ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. ఆ మణికట్టు పట్టుకుని, వేలితో పొట్టిగా, పొడుగ్గా నొక్కినాను. 'కార్డ్' అని. తర్వాత 'హియర్' అని. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే.

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. నాకు కూతలు వచ్చునని కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. కుడి చేత్తో మీట నొక్కి, కార్డు చేరింది, చాలా సంతోషం, అని పంపించింది.

నాయన ఇటు తిరిగినాడు. "వచ్చిందా? నాకు చెప్పలేదే?"

"వచ్చింది మామా. చెప్పేది మరిసినా" అంది అక్క. గొంతు ఏమాత్రం తడబడలేదు.

మధ్యాహ్నం నేను లెక్కల పుస్తకం పట్టుకుని వాళ్ల పెరట్లోకి పోయినాను. అట్ట విప్పి కార్డు ఇచ్చినాను. ఆమె దాన్ని రెండు మూడు సార్లు చదువుకుని, కొంగుతో తుడిచింది. కొట్టినా బాగుండేది. నేను ఏడుపు మొదలుపెట్టినాను.

"ఏందే, ఇంత బాగా నేర్చుకోని చెప్పలేదే నువ్వు?" అంది. గోడ వైపు చెయ్యి చూపి, "నువ్వు పలక పట్టుకోని బడికి పోతా ఉంటే, రోజూ ఈ గోడ కాడ నిలబడి చూసేదాన్ని. నా కడుపు మండేది తెలుసా? నీకు జరమన్నా రాకూడదా, ఒకరోజు బడికి పోకుండా ఉంటావు, అనుకునేదాన్ని" అంది.

నేను ఏడుపు ఆపేసినాను. నా మీద కుళ్లుకోవడానికి ఏముందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. నాకు బడి అంటే తప్పించుకోవలసిన పని.

ఆ సాయంత్రం నుంచి వసారాలో ఇంకో కుర్చీ పడింది. మూడేళ్ల తర్వాత కరెంటు వచ్చింది, బ్యాటరీలు మూలన పడినాయి. స్టేషనుకు పెద్ద వాల్వులు వచ్చినాయి, నోటితో మాట్లాడే మైకు కూడా వచ్చింది. ఆలోపలే అక్కకు నెల్లూరు తంతి ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఆమెను బస్సెక్కించిన రోజు నాయన కంటే నేనే ఎక్కువ ఏడ్చినాను. కార్డు సంగతి నాయనకు కడదాకా తెలియదు.

ఆ అసూయ అనే దినుసు నాలోంచి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఈ వయసులో కూడా వస్తుంది. వచ్చినప్పుడు, ఆ రోజు అక్క పెరట్లోకి పోయినట్టే, ఎవరిని చూసి వచ్చిందో వాళ్లింటికే పోతాను. పోయిన నెల మా తోడికోడలి మనవరాలికి డాక్టరు సీటు వచ్చిందని తెలిసి, పొద్దున్నంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయినాను. మధ్యాహ్నం ఆటో పిలిపించుకుని వాళ్లింటికి పోయి, చీకటి పడేదాకా కూర్చుని వచ్చినాను. తోడికోడలు తన మోకాళ్ల నొప్పి గురించి, మాట వినని కొడుకు గురించి చెబుతూనే ఉంది. నేను వింటూ, ఆమె కలిపిచ్చిన పిండితో చపాతీలు ఒత్తుతూ ఉన్నాను.