మలుపు దగ్గర దిగిపోయే కాళ్ళు

వీధి మలుపులో ఆమెకు చిన్న టైలరు దుకాణం ఉంది. వెనకాల అందరూ ఆమెను ‘ఎందుకమ్మ’ అనేవారు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాణ్ణి కూడా కొలత తీసి ఊరుకునేది కాదు. “పొడుగుది ఎందుకు కొన్నారు? ఆ షాపులో అద్దం లేదా?” అని ఆరా తీసేది. తెలుసుకోకపోతే ఆమెకు ప్రాణం కుదురుగా ఉండేది కాదు.

ఆమె ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు. అన్నావదినల ఇంట్లోనే ఉంటూ రోజూ సైకిలు మీద పనికి వెళ్ళేది. ఒక ఉదయం దుకాణం ఎదురుగా, సరిగ్గా మలుపులోనే పడిపోయింది. మిషను సూదికి దారం ఎక్కిస్తున్న వదినకు బ్రేకులు కీచుమన్న చప్పుడు వినిపించింది. తలెత్తి చూసేసరికి ఆడపడుచు రోడ్డు మీద కూర్చుని మణికట్టు పట్టుకుని ఉంది. ముందు ఒక వ్యాను ఆగి ఉంది. వదిన దారం వదిలేసి పరిగెత్తింది.

ఎముక చిట్లింది. చేతికి కట్టు వేశారు.

“అసలేం జరిగిందే?” అని ఇంటికి రాగానే అడిగింది వదిన.

“ఏముంది వదినా, మనుషులు రోడ్డు మీద నడుస్తున్నారు. తప్పించుకుందామని మధ్యలోకి వచ్చా. ఎదురుగా వ్యాను.”

“ఫుట్‌పాత్ ఉండగా రోడ్డు మీద ఎందుకు నడుస్తున్నారు?”

“నన్నడిగితే? వాళ్ళనే అడుగు.”

“మొదలైంది,” అన్నాడు భర్త, అన్నం కలుపుకుంటూ.

ఆమె నిజంగానే వాళ్ళను అడిగింది. మర్నాడు మిషను పక్కన పెట్టి గుమ్మంలో నిలబడింది. ఎదుటి వైపు ఫుట్‌పాత్ శుభ్రంగా ఉంది. గుంటలు లేవు, తోపుడు బళ్ళు లేవు. అయినా మలుపు దగ్గరున్న లాండ్రీ వరకూ వచ్చి, అక్కడ జనం రోడ్డు మీదికి దిగుతున్నారు. లాండ్రీ దాటాక మళ్ళీ ఎక్కుతున్నారు. పిల్లను బడికి తీసుకెళ్తున్న ఒకావిడను ఆపి అడిగితే, “నేను దిగానా?” అని వెనక్కి తిరిగి చూసుకుంది. ఒక పెద్దాయన, “అలవాటమ్మా,” అన్నాడు. అలవాటు ఎలా మొదలైందని అడిగేలోపే ఆయనా రోడ్డు మీదికి దిగి వెళ్ళిపోయాడు.

గోడ నీడ వల్లనేమో అనుకుంది. మబ్బు పట్టిన రోజూ దిగుతూనే ఉన్నారు. ఇక లాభం లేదని తనే రోడ్డు దాటి నడిచి చూసింది. లాండ్రీ సగం దాటేసరికి తన కాళ్ళు రోడ్డు మీద ఉన్నాయి! ఎప్పుడు దిగిందో తనకే తెలియలేదు. ముక్కున వేలేసుకుంది. వెనక్కి వెళ్ళి, ఈసారి గోడకు ఆనుకుని మెల్లగా నడిచింది. ముఖానికి వేడిగాలి గుప్పున కొట్టింది. బట్టలు ఆరబెట్టే యంత్రం గొట్టం గోడలోంచి ఫుట్‌పాత్ వైపు బయటికి వచ్చి ఉంది. గాలి కంటికి కనిపించదు కదా, రోడ్డు అవతలి నుంచి ఎంత చూసినా ఏం తెలుస్తుంది!

లాండ్రీ ఆయన మొదట కస్సుమన్నాడు. “నా గోడకు నా గొట్టం పెట్టుకున్నా. నీకేం అడ్డమొచ్చింది?”

“నాకేం అడ్డం లేదు అన్నయ్యా. ఒక్కసారి మీ షాపు ముందు నడిచి చూడండి, చాలు.”

ఆయన రోజూ వెనక సందులోంచే షాపులోకి వచ్చేవాడు. విసుక్కుంటూనే ముందుకొచ్చి నడిచాడు. గొట్టం దగ్గర చటుక్కున రోడ్డు మీదికి దిగి, తన కాళ్ళవైపు చూసుకుని పకపకా నవ్వాడు. ఆ వారంలోనే గొట్టాన్ని గోడ వెంట పైకి ఎత్తించాడు. నడిచేవాళ్ళు దిగడం మానేశారు.

కానీ సైకిళ్ళ వాళ్ళు ఇంకా రోడ్డు మధ్యలోకి వస్తూనే ఉన్నారు. ఇప్పుడు తప్పించుకోవడానికి మనుషులెవరూ లేరు. మరి ఎందుకు?

ఆమెకు సైకిలు తొక్కడం రాదు. నడిచి చూస్తే తెలిసింది కాబట్టి, ఇదీ తొక్కి చూస్తేనే తెలుస్తుందని పట్టుబట్టింది.

“ఈ వయసులోనా?” అన్నాడు భర్త.

“మిషను తొక్కే కాళ్ళే కదండీ, మరిచిపోయాయా ఏంటి?”

ఆడపడుచు మంచి చేత్తో సీటు పట్టుకుని, మైదానంలో నేర్పింది. వదిన ఒకసారి పొదలోకి దూరింది, ఒకసారి గోలుపోస్టును గుద్దింది. “ముందుకు చూడు వదినా, చక్రాన్ని కాదు!” అని ఆడపడుచు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒక ఆదివారం రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వదిన మలుపు దాకా తొక్కుకుంటూ వచ్చింది. అంచునే వెళ్తున్న సైకిలు ఉన్నట్టుండి మధ్యకు తిరిగింది. తిప్పింది తన చేతులే. కాలు కింద పెట్టి ఆగి చూసింది. కాలువ మీద ఇనుప జాలీ ఉంది. దాని కమ్మీలు రోడ్డు పొడవునా ఉన్నాయి. ఆ సందుల్లో చక్రం ఇట్టే దిగిపోతుంది.

“ఇది ఉందని చెప్పలేదేమే?”

“చెప్పడానికేముంది వదినా? సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెలిసిందేగా!”

“తొక్కనివాళ్ళకు ఎలా తెలుస్తుందే మరి?”

ఆడపడుచు నాలుక కరుచుకుంది.

ఆమె వెళ్ళి ఫిర్యాదు చేస్తే మున్సిపాలిటీ ఇంజనీరు వచ్చి, వంగి చూశాడు. కాలువ శుభ్రం చేసినప్పుడు పనివాళ్ళు జాలీని తిప్పి పెట్టినట్టున్నారని చెప్పాడు. మనుషుల్ని పంపించి కమ్మీలు అడ్డంగా వచ్చేట్టు బిగింపజేశాడు. అతను వెళ్ళబోతుంటే ఆమె వదల్లేదు. జాలీ గుండ్రంగా కాక చతురస్రంగా ఎందుకు చేస్తారని అడిగింది. అతనూ ఓపిగ్గా ఫుట్‌పాత్ అంచున కూర్చుని వివరించాడు.

కట్టు విప్పాక ఆడపడుచు మళ్ళీ సైకిలెక్కిన ఉదయం వదిన కత్తెర చేత్తో పట్టుకునే బయటికి వచ్చి నిలబడింది. ఆడపడుచు అంచు వదలకుండా, జాలీ మీదుగానే మలుపు తిరిగింది. ఎదురుగా వచ్చిన బండి తన దారిన తాను పోయింది.

సాయంత్రం ఆడపడుచు నేరుగా దుకాణానికే వచ్చి, బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు జరిపి కూర్చుంది.

“భయమేసిందా?” అంది వదిన.

“మలుపు వచ్చేదాకా వేసింది. దాటాక నిన్ను చూసి నవ్వొచ్చింది. కత్తెరతో ఎవర్ని పొడుద్దామని?”

“ఏమోనే, చేతిలో ఉందని తెలిస్తేగా! సరే గానీ, ఆసుపత్రి దగ్గర దారి ఎలా ఉంది?”

“అక్కడ గేటు ముందు అందరం సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్తాం. ఎందుకో తెలీదు. రేపు నాతో రా వదినా, చూద్దాం.”