నిండు తొట్టి

వడమాలపేట దగ్గర ఒక పల్లెలో నేను పంతులుగా ఉన్నప్పుడు మా హెడ్మాస్టరుకు ఒక అలవాటు ఉండేది. బడిలోని సిమెంటు తొట్టిని వేలి కణుపుతో తట్టేవాడు. మోత బరువుగా వస్తే, "నిండుగా ఉండాది" అని మురిసిపోయేవాడు.

కరువు చూసిన మనిషి. ఎండాకాలం సెలవులు ఇచ్చే రోజున తొట్టి నింపించి తాళం వేయించేవాడు. బడి తెరిచాక పిల్లలకు ఆ నీళ్ళే. వాసన వస్తున్నాయి, పారబోసి తొట్టి కడిగిద్దామంటే నా మీద విరుచుకుపడేవాడు.

"నీళ్ళు పారబోసేంత కలిమి మనకు యాడుండాదప్పా?" అని, అందరి ముందూ మొదటి గ్లాసు తానే తాగేవాడు.

ఒక ఏడు బడి తెరిచిన వారానికే పిల్లలకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. ఒక ఆడపిల్ల చనిపోయింది. అప్పటికి గానీ తొట్టి ఖాళీ చేయనివ్వలేదు ఆయన.

ఆ పిల్ల తండ్రి బడికి వచ్చి తొట్టి దగ్గర నిలబడ్డాడు.

"నేనూ తాగినాను గదప్పా. నాకేం కాలేదే" అన్నాడు హెడ్మాస్టరు.

"మీరు పెద్దోళ్ళు సార్. నా బిడ్డ ఒకటో తరగతి" అన్నాడతను.

హెడ్మాస్టరు అలవాటు కొద్దీ ఆ ఖాళీ తొట్టిని తట్టి చూశాడు. ఆ తండ్రి ఎదుటే తట్టాడు.